మా ఇంటికి రెండు టిక్కులు

చెయ్యి ఎంత ఎత్తుకు లేపి ఉంటాడన్నదే నాకు ఇప్పటికీ తేలని సంగతి. మోచెయ్యి బల్ల మీదే ఆనించి నాలుగు వేళ్లు మాత్రం పైకి చూపాడా? బస్సు కోసం అలాగే చేస్తాడు, ఆపమని కాదు, ఆపితే ఆపండి అన్నట్టు. లేక భుజం దాటేలా పూర్తిగా, తెలిసి తెలిసి లేపాడా? ముప్పై మూడేళ్లు ఒకే మంచం మీద పడుకున్న మనిషి చెయ్యి ఎలా లేస్తుందో నాకు తెలియకపోవడమేమిటి! బార్‌లో ఇంకో గ్లాసు కోసం ఎలా లేస్తుందో తెలుసు. వీధి చివర నన్ను చూసి ఎలా లేస్తుందో తెలుసు. టౌన్ హాల్లో మేడ మీది గదిలో ఎలా లేస్తుందో మాత్రం తెలియదు. ఆ గదిలోకి భార్యలకు ప్రవేశం లేదు. ఆ మాటకొస్తే ఊళ్లో ఎవరికీ లేదు.

కోపం మండుతుందంటారు. నాది మండలేదు. చిన్నపిల్లల కొలనులో నీళ్లు ఇరవై తొమ్మిది డిగ్రీలుండాలి. ఊరి ఈతకొలనులో టీచరుగా ఇరవై ఆరేళ్లు ప్రతి ఉదయం ఆరున్నరకు థర్మామీటరు ముంచి, అంకె చూసి, గోడమీది నల్లపలక మీద సుద్దతో రాసేదాన్ని. నా కోపం కూడా అలాంటిదే. ఎక్కదు, దిగదు. ముంచి చూసినప్పుడల్లా అదే అంకె. కింద ఎక్కడో బాయిలరు నడుస్తూనే ఉంటుంది.

అసలు బాయిలరుకైతే ఆ ఫిబ్రవరిలో తాళం పడింది. బాగుచేయించడం కంటే మూసెయ్యడమే తెలివైన పని అని కౌన్సిల్ తీర్మానించింది. మా ఆకెన్‌షా ఈతకొలను తలుపుకి గొలుసు, గొలుసుకి తాళం, తాళం మీద ప్లాస్టిక్ సంచి, వర్షానికి తుప్పు పట్టకుండా. కొలనుని కాపాడలేనివాళ్లు తాళాన్ని మాత్రం జాగ్రత్తగా కాపాడుకున్నారు.

తీర్మానానికి చెయ్యెత్తినవాళ్లలో నా భర్త క్లిఫ్ కూడా ఉన్నాడు. అది అందరూ చూశారు, నేనూ చూశాను, ప్రజల బాల్కనీలో కూర్చుని. కానీ కింద సభలో లేచే చేతులకు అర్థం లేదని మా ఊళ్లో కౌన్సిలర్ల ఇళ్లన్నింటికీ తెలుసు. కౌన్సిల్లో మెజారిటీ మా పార్టీదే, ముప్పై ముగ్గురు. సోమవారం మేడ మీద తలుపులు వేసుకుని ఎంతైనా కొట్టుకోవచ్చు. అక్కడ ఎక్కువ చేతులు ఎటు లేస్తే, బుధవారం కింద సభలో ముప్పై మూడు చేతులూ అటే లేవాలి. మేడ మీద ఎవరేమన్నారో కింద చెప్పకూడదు.

ఆ బుధవారం ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా, "పైన నేను ఊరుకోలేదు బెరిల్" అన్నాడు క్లిఫ్.

"ఏమన్నావు?"

"అనాల్సిందంతా అన్నాను. ఓడిపోయాం. ఓడాక అందరితో నడవాలిగా."

నేను నమ్మాను. నమ్మడమే కాదు, దాన్ని పట్టుకుని వారాల తరబడి ఊరంతా తిరిగాను. రొట్టెల దుకాణంలో నా ముఖం చూసి వెనక్కి తిరిగిన తల్లులతో, "మావాడు పైన పోట్లాడాడమ్మా, మీకు తెలియదు" అన్నాను. సిగ్గు లేకుండా, ఒకే మాట పదేపదే.

*

మార్చిలో మార్కెట్ హాలు మెట్ల దగ్గర నస్రీన్ బల్ల వేసింది. బల్ల మీద సంతకాల కాగితాలు, వాటి మీద వాన పడకుండా స్నానాల గది తెర ఒకటి. పక్కన అట్టముక్క మీద పెద్ద అక్షరాలు: మేయర్‌ని మనమే ఎన్నుకుందాం.

నస్రీన్ పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. నలభై ఒకటో ఏట ఈత నేర్చుకుంది, నా దగ్గరే. మంగళవారం సాయంత్రాలు ఆడవాళ్లకు మాత్రమే అని కిటికీల తెరలన్నీ దించేవాళ్లం. మొదటి మూడు నెలలు కొలను గట్టు వదల్లేదు. నాలుగో నెలలో ఒకరోజు వదిలి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్లి, అక్కడ గట్టు పట్టుకుని గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు ఆ పైకప్పు కింద ఎలా మోగిందో నాకు ఇంకా వినిపిస్తుంది.

బల్ల ముందు ఒక ముసలాయన నిలబడి వాదిస్తున్నాడు. "మేయరా? మనకున్నాడుగా! మెళ్లో గొలుసేసుకుని, కేకులు కోస్తూ, ఫొటోలు దిగుతూ."

"ఆయన కేకులే కోస్తాడు తాతగారూ. ఏడాదికొకరు, వంతులవారీగా. అధికారమంతా మేడ మీద కౌన్సిల్ నాయకుడు నోరిస్ దగ్గరుంది. ఆ నోరిస్‌ని మీరు ఎన్నుకున్నారా?"

"లేదు."

"నేనూ ఎన్నుకోలేదు. ఆ ముప్పై ముగ్గురూ కలిసి కూర్చోబెట్టుకున్నారు. నేరుగా మనమే ఎన్నుకుంటే కొలను గురించి మన మాట వినాల్సి వస్తుంది."

"వింటాడంటావా? మా ఆవిడ యాభై ఏళ్లుగా నా మాట వినదు, దాన్ని నేనే ఎన్నుకున్నాను."

నస్రీన్ నవ్వి పెన్ను ఆయన చేతిలో పెట్టింది. ఆయన గొణుగుతూనే పేరు, చిరునామా, తేదీ రాశాడు. ఊరి ఓటర్లలో నూటికి ఐదుగురు సంతకం పెడితే చాలు, కావాలా వద్దా అని ఊరంతటినీ కౌన్సిల్ ఓటు అడిగి తీరాలి.

తప్పించుకుని వెళ్లిపోదామనుకున్నాను. చూసేసింది.

"టీచర్! రండి, మీ కోసం ఒక గీత ఖాళీగా ఉంచాను."

"నేను పెట్టకూడదు నస్రీన్. క్లిఫ్ భార్యని కదా."

"క్లిఫ్ గారి సంతకం అడగలేదు టీచర్. మీది అడిగాను."

"ఆయన మీకోసం పోట్లాడాడు, తెలుసా నీకు? పోట్లాడి ఓడిపోయాడు."

"ఎక్కడ పోట్లాడారు?"

"మేడ మీద."

"ఎవరు చూశారు?"

మర్యాదగానే అడిగింది. తల కొంచెం పక్కకు వంచి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఈత నేర్పితే ఇంత మాటంటావా అనాలనిపించింది. అనలేదు. గొడుగు విప్పుకుని వచ్చేశాను. కూరగాయలు కొనడానికి వెళ్లినదాన్ని, ఖాళీ సంచితో ఇంటికి చేరాక గానీ ఆ సంగతి గుర్తు రాలేదు.

*

సంతకాలు సరిపోయాయి, సరిపోవడమేమిటి, రెట్టింపు వచ్చాయి. మే రెండో తారీఖున ఓటింగు. కావాలి లేదా వద్దు, రెండే గళ్లు.

మా ముందుగది పార్టీ ఆఫీసైంది. ప్రతి ఎన్నికకూ అంతే, ముప్పై ఏళ్లుగా. సోఫా గోడకు జరుపుతారు. గోడకాగితాలు అంటించేవాళ్లు వాడే పొడవాటి మడతబల్ల గది మధ్యలో పరుస్తారు. దాని మీద వీధివీధికీ ఓటర్ల లిస్టులు. కిటికీకి ఎర్ర పోస్టరు: వద్దు.

క్లిఫ్ ఈ పనిలో నిపుణుడు, అది కాదనను. ఆ ఏప్రిల్ శనివారం కొత్తగా వచ్చిన ఆరుగురు కార్యకర్తలకు అతను పాఠం చెబుతుంటే నేను టీ పట్టుకెళ్లాను.

"మనవాళ్లయితే టిక్కు. అవతలివాళ్లయితే ఇంటూ మార్కు. తెలియకపోతే ప్రశ్న గుర్తు. ఓటు రోజున వేసొచ్చినవాళ్ల పేరు మీద నల్లగీత కొట్టుకుంటూ పోతాం. సాయంత్రానికి టిక్కుండి గీత లేనివాళ్లెవరో చూసి, ఆ తలుపులు కొడతాం. అర్థమైందా?"

అందరూ తలూపారు. పెన్సిలు చెవి మీంచి తీసి గాల్లో ఆడించాడు.

"ఇప్పుడు అసలు సూత్రం. మనిషి తన నోటితో చెప్తేనే టిక్కు. నవ్వాడని టిక్కు పెట్టకూడదు. టీ ఇచ్చాడని పెట్టకూడదు. వాళ్ల నాన్న మనవాడని పెట్టకూడదు. ఊహించి పెట్టిన టిక్కులే మనల్ని ముంచుతాయి. అడగాలి, వినాలి, అప్పుడు పెట్టాలి."

వాళ్లు వెళ్లాక మా వీధి లిస్టు తీసి తనే మొదలుపెట్టాడు. పదో నంబరు, ప్రశ్న గుర్తు. పన్నెండు, ఒక టిక్కు, ఒక ప్రశ్న గుర్తు, అక్కడి మొగుడూ పెళ్లాలకు పడదు. పద్నాలుగు, మా ఇల్లు. క్లిఫర్డ్ క్రాబ్‌ట్రీ, బెరిల్ క్రాబ్‌ట్రీ. టిక్కు, టిక్కు. రెండో పేరు దగ్గర పెన్సిలు ఆగనైనా ఆగలేదు. పదహారుకి వెళ్లిపోయింది.

నేను ఖాళీ కప్పులు ట్రేలో సర్దుతూ అతని భుజం వెనకే ఉన్నాను. 'అడగలేదేం?' అని నవ్వుతూ అనొచ్చు. అంటే నవ్వేసేవాడే. నేను అనలేదు, కప్పులు తీసుకెళ్లి కడిగాను. కడిగిన కప్పునే రెండోసారి కడుగుతున్నానని కాసేపటికి తెలిసింది.

అతని వాదన తప్పని కూడా నాకు అప్పటికి అనిపించలేదు. "ఒక్క మనిషి చేతిలో ఊరంతా పెట్టేస్తారా?" అనేవాడు. "తివాచీల కొట్టు టెరెన్స్ మేయర్ పదవికని అప్పుడే కోట్లు కుట్టించుకుంటున్నాడట. వాడి లారీలన్నిటి మీదా వాడి మొహమే. ముప్పై ముగ్గురు తప్పు చేస్తే ముప్పై ముగ్గుర్ని తిట్టొచ్చు. వాడొక్కడూ చేస్తే?"

ఇక్కడే చెప్పేస్తాను, దాచడం దేనికి. ఆకెన్‌షాకి మేయర్ వచ్చాడు, నాలుగొందల చిల్లర ఓట్ల తేడాతో ఊరు కావాలంది. ఆ అక్టోబరులో గెలిచింది ఆ తివాచీల టెరెన్సే. కొలను తెరుస్తానన్నాడు, తెరవలేదు. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు, పిల్లల కొలను ఉన్నచోట కార్లు పెట్టుకుంటారు. క్లిఫ్ చెప్పింది చెప్పినట్టే జరిగింది. దాని వల్ల నా కోపం ఒక్క డిగ్రీ కూడా తగ్గలేదు. క్లిఫ్‌కి అది ఇప్పటికీ అర్థం కాదు. ఎవరి మాట నిజమైందన్నది కాదు క్లిఫ్, నా బాధ.

*

గొలుసు సంగతి చెప్పలేదు.

కేకులు కోసే మేయర్ పదవి వచ్చే ఏడాదికి క్లిఫ్ వంతు. ముప్పై ఏళ్లు కౌన్సిల్లో ఉంటే వస్తుంది, మామూలుగా ఎవరూ లాక్కోరు, అదొక ఆనవాయితీ. మేయర్‌కి పెద్ద గొలుసు, ఆయన భార్యకి చిన్నది. క్రిస్మస్ ముందే అతను చెప్పాడు, నేను పైకి ఏమీ అనలేదు గానీ జనవరిలో వెళ్లి ముదురు నీలం కోటు కుట్టించుకున్నాను. కాలరు వెడల్పుగా, గొలుసు ఆనడానికి వీలుగా. దర్జీ అడిగితే పెళ్లికని చెప్పాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వేసుకుని, చిన్న గొలుసు ఉండాల్సిన చోట వేళ్లు ఆనించి అద్దంలో చూసుకునేదాన్ని. యాభై ఎనిమిదేళ్లదాన్ని. క్లోరిన్ వాసన పోని జుట్టుదాన్ని.

ఏప్రిల్ మూడో వారంలో ఆలెక్ కరపత్రాల పెట్టెలు దించడానికి వచ్చాడు. ఆలెక్ కూడా కౌన్సిలరే, పాత బస్సు డ్రైవరు, డెబ్బై దాటాయి, మా ఇంట్లో ఏ బిస్కెట్ డబ్బాలో ఏముంటుందో తెలిసిన మనిషి. క్లిఫ్ లేడు. టీ పెట్టాను.

"వీరా ఎలా ఉంది?" అన్నాను. వీరా ఆలెక్ భార్య. తుంటి ఆపరేషన్ అయ్యాక వారానికి మూడుసార్లు కొలనుకి వచ్చేది.

"ఎలా ఉంటుంది తల్లీ. కుర్చీలోంచి లేవడానికి నన్ను పిలుస్తోంది మళ్లీ. నీళ్లలో ఉన్నంతసేపూ నన్ను మర్చిపోయేది, అది బాగుండేది." నవ్వాడు. తర్వాత కప్పులోకి చూస్తూ, "ఒక్క చెయ్యి. పదిహేడుకి పదహారు. ఒక్క చెయ్యి ఇటు వచ్చుంటే ఇవాళ కొలనూ ఉండేది, ఈ ఓటు గోలా ఉండేది కాదు. క్లిఫ్ మీద నాకు కోపం లేదు, అది చెబుదామనే అనుకుంటున్నా నీతో."

నేను మాట్లాడలేదు. మాట్లాడకపోవడాన్ని అతను తెలిసినట్టుగా తీసుకున్నాడు.

"ముందురోజు ఫోన్లో 'నేను మీతోనే' అన్నాడు. నా పక్కనే కూర్చున్నాడు. నోరిస్ లేచి, చేతులెత్తే ముందు ఒక్కటే అన్నాడు, వచ్చే ఏడాది మేయర్ గొలుసు ఎవరికో కూడా ఈ గదే తేల్చాలి, అంతా గుర్తుంచుకుంటే మంచిదని. ఎవరి వంకా చూడలేదు. అంతే." బిస్కెట్ టీలో ముంచాడు. అది విరిగి పడిపోయింది. తలెత్తి నా ముఖం చూశాడు. "నీకు చెప్పాడనుకున్నా తల్లీ."

"చెప్పాడు" అన్నాను. "ఇంకో బిస్కెట్ తీసుకో."

ఆలెక్ వెళ్లాక బీరువా తెరిచి నీలం కోటు చూశాను. చింపేస్తాననుకున్నాను. గుండీలు గట్టిగా కుట్టాడు దర్జీ. దాని ముందు నిలబడి లెక్కలు వేసుకున్నాను. కోటు జనవరిలో కుట్టించాను, అతను చెయ్యెత్తింది ఫిబ్రవరిలో. బీరువాలో కోటు అతను చూసే ఉంటాడు. మూడు అరల బీరువా, అందులో అతని చొక్కాలూ ఉంటాయి. చూసి ఏమనుకుని ఉంటాడు? ఇది నాకు కావాలి అనుకుని ఉంటాడు. నేను నోటితో అనలేదు. అద్దంతో అన్నాను.

ఆ సాయంత్రం సూపు పోస్తూ, "ఆ సోమవారం పైన ఎంతమంది ఉన్నారు?" అన్నాను.

చెంచా ఆగింది. "పైన మాటలు పైనే, నీకు తెలుసుగా."

"మాటలు అడగలేదు. మనుషులెంతమంది అన్నాను."

"అందరూ ఉన్నారు."

"ముప్పై ముగ్గురూనా?"

"ఆఁ."

"అది జతపడే అంకె కాదు కదా క్లిఫ్. సమానంగా రాదు, ఒక్క చెయ్యి చాలు."

అబద్ధం చెబుతాడేమోనని ఎదురుచూశాను. చెబితే బాగుండునని కూడా ఒక మూల అనిపించింది. చెప్పలేదు. అతనిలో ఆ మంచితనం ఉంది. అందుకే కోపం అలా నిలిచిపోయింది.

"ముప్పై ఏళ్లు బెరిల్" అన్నాడు చివరికి. "వానలో, మంచులో, కుక్కలు తరుముతుంటే తలుపులు కొట్టాను. ఒక్క ఏడాది. నాకోసం కాదు. నీ మెళ్లో చూద్దామనుకున్నా."

"నేను అడిగానా?"

"అడగాలా? నీ సంగతి నాకు తెలియదూ?"

నేను రొట్టె కోశాను. ఒక ముక్క అతనికి పెట్టాను, ఒకటి నేను తీసుకున్నాను. చూసేవాళ్లకి రోజూ చేసే భోజనంలాగే ఉంటుంది. కిటికీ బయట ఇంకా వెలుతురు ఉంది, ఎదురింటావిడ కంచె కత్తిరిస్తోంది.

*

ఓటు రోజున, పోలింగు జరిగే మెథడిస్టు చర్చి హాలు వాకిట్లో నా కుర్చీ నాది. ఓటేసి బయటకొచ్చేవాళ్ల కార్డు నంబరు అడిగి చీటీల పుస్తకంలో రాసుకోవడం నా పని, గంటకోసారి ఆ చీటీలు మా ముందుగదికి చేరాలి. పెళ్లయిన ఏడాది నుంచీ చేస్తున్నాను. గుండెకు ఎర్ర రిబ్బను పువ్వు. అవతలి పక్షం కుర్చీలో నస్రీన్ కూర్చుంది, పచ్చ రిబ్బను పువ్వుతో.

"రారనుకున్నాను టీచర్ మీరు."

"రాకపోతే నంబర్లెవరు రాస్తారు?"

ఆమె ఫ్లాస్కులో ఏలకుల టీ, నా ఫ్లాస్కులో మామూలు టీ. పదకొండింటికి మార్చుకున్నాం. ఎవరికైనా ఒక నంబరు తప్పిపోతే రెండోవాళ్లు చెప్పడం ఆ కుర్చీల మర్యాద. ఆమెకు ఆ మర్యాద తెలియదు, నేనే నేర్పాను.

వచ్చినవాళ్లు ఊరికే పోలేదు. ఒక తల్లి, చంకలో బిడ్డ, నా పువ్వు చూసి ఆగింది. "మా కొలను మూశారు, ఇప్పుడు మా నంబరు కూడా కావాలా?"

"ఇవ్వకపోయినా పరవాలేదమ్మా."

"ఈమెకి ఇస్తా" అని నస్రీన్ వైపు తిరిగి గట్టిగా, ఊరంతా వినేట్టు చెప్పింది. ఆ తల్లికి ఏడో ఏట ఈత నేర్పింది నేనే. నీళ్లు ముక్కులోకి పోతే నా మెడ పట్టుకుని వదిలేది కాదు.

ఆమె వీధి దాటాక నస్రీన్ తన పుస్తకం నా వైపు జరిపింది, ఆ నంబరు రాసుకోమని. నేను రాసుకున్నాను.

మధ్యాహ్నం నస్రీన్ లోపలికెళ్లి ఓటేసి వచ్చింది. "మీరు వెయ్యరా?" అంది.

"వేస్తాలే. తొమ్మిదిదాకా ఉందిగా."

తలుపు నా కుర్చీకి ఆరడుగులు. పొద్దున ఏడు నుంచి రాత్రి భోజనాల వేళ దాకా అది తెరుచుకోవడం, మూసుకోవడం చూస్తూనే ఉన్నాను. రెండుసార్లు లేచాను. రెండుసార్లూ కూర్చున్నాను. లోపలికి వెళ్లి కాగితం మడిచి పెట్టెలో వేస్తే ఎవరికీ తెలియదు. నాకు కావాల్సింది ఎవరికీ తెలియకపోవడం కాదని ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు మెల్లగా అర్థమైంది. తెలియకుండా చెయ్యడానికైతే మేడ మీది గదే ఉంది.

ఏడున్నరకు ఆలెక్ వచ్చి, "నువ్వెళ్లి ఏమైనా తిను తల్లీ, నేను కూర్చుంటా" అన్నాడు. చీటీల పుస్తకం అతనికి ఇచ్చి ఇంటికి నడిచాను. ఇంకా పొద్దు ఉంది. మా ఇంటి కిటికీలో ఎర్ర పోస్టరు ఆ వెలుగులో నారింజ రంగులో కనిపించింది.

ముందుగది నిండా మనుషులు, విప్పిపడేసిన కోట్లు, కాళ్ల కింద కాగితాలు. ఫోను మోగుతోంది. ఎవరో బ్రెడ్డుముక్క నముల్తూ వీధుల పేర్లు చదువుతున్నారు. క్లిఫ్ బల్ల మీదికి వంగి, కళ్లజోడు ముక్కు మీదికి జారగా, స్కేలు పెట్టి నల్లగీతలు కొడుతున్నాడు.

"గట్టిగా ఉంది, చాలా దగ్గర పోటీ" అన్నాడు తలెత్తకుండానే. "ప్రతి టిక్కూ కావాలి. మన వీధి చూడండి, అందరూ వేసొచ్చారు, శభాష్. ఒక్కటి మిగిలింది. టిక్కుంది, గీత లేదు. ఎవరిది? పద్నాలుగు..." ఆగాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "చూడండర్రా! ఊరంతా తలుపులు కొట్టొచ్చాం. మా ఆవిడ వెయ్యలేదు!"

గది గదంతా నవ్వింది. ఎవరో బల్ల మీద మూడుసార్లు తట్టి, "అమ్మా, ఇంట్లో ఉన్నారా? పార్టీ నుంచి వచ్చాం" అన్నారు. ఇంకా నవ్వారు. నేనూ నవ్వే ఉంటాను, మూతికి ఆ అలవాటుంది.

"వెళ్లిరా బెరిల్" అన్నాడు క్లిఫ్ ప్రేమగా. నిజంగానే ప్రేమగా. "పది నిమిషాల పని. నిన్ను లెక్కలో వేసేసుకున్నాం మరి."

నేను మా ఇంటి మేడ మీది పడకగదికి వెళ్లలేదు, నీలం కోటు తెచ్చుకోలేదు. అలాంటివేవీ తోచలేదు. ఆ కార్డిగన్‌తోనే, ఆ ఎర్రపువ్వుతోనే జనాన్ని తప్పించుకుంటూ బల్ల దగ్గరకు వెళ్లాను. పిన్ను ఊడదీసి పువ్వుని లిస్టు పక్కన పెట్టాను. అతని చెవి మీది పెన్సిలు తీసుకున్నాను. దాని తలకు రబ్బరుంది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు. ఇంకా నవ్వు పోలేదు గొంతులో.

"నువ్వు చెప్పిన సూత్రమే. నోటితో చెప్తేనే కదా పెట్టాలి."

బెరిల్ క్రాబ్‌ట్రీ. టిక్కుని తుడిచాను. క్లిఫ్ పెన్సిలు ఎప్పుడూ నొక్కి పెడతాడు. గుర్తు పోయింది గానీ కాగితంలో గాడి మిగిలింది. ఫోను ఇంకా మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

పెన్సిలు తిప్పి, ఆ గాడి మీదే, తొందరపడకుండా, ఇంటూ మార్కు పెట్టాను.